హెచ్చరికకూ గడువు రాసి ఉండాలి

పోలీసు తప్పు చేశాడంటే సస్పెన్షన్ గురించో, డిస్మిస్ గురించో అందరూ మాట్లాడతారు. శాఖలో తరచుగా జరిగేది అది కాదు. పై అధికారి గదిలోకి పిలిచి చివాట్లు పెడతారు, లేదంటే ఓ మెమో చేతిలో పెడతారు. ‘ఈసారికి వదిలేస్తున్నా’ అన్న మాట ఏ ఫైలుకూ ఎక్కదు. ఆ అధికారి బదిలీ అయితే మాట కూడా ఆయన వెంటే పోతుంది. అదే కానిస్టేబుల్ లాకప్‌లో మళ్లీ చెయ్యి చేసుకుంటే, కొత్త అధికారి లెక్కలో అది మొదటి తప్పు.

నోటిమాట హెచ్చరిక సిబ్బందికీ మేలు చేయదు. ఎప్పుడో తిన్న చివాట్లను ప్రమోషన్ వేళ ఎవరైనా తవ్వి తీస్తే వివరణ ఇచ్చుకునే దారే ఉండదు. మన కేంద్ర ఉద్యోగుల 1965 నాటి క్రమశిక్షణ నియమావళిలో స్వల్ప శిక్షల వరస అభిశంసనతో, అంటే తప్పు చేశాడని అధికారికంగా ఖండించడంతో మొదలవుతుంది. హెచ్చరిక ఆ జాబితాలోనే లేదు. పేరుకు శిక్ష కాదు, పనికి మాత్రం శిక్షే! ఉద్యోగి పనితీరుపై వార్షిక నివేదికలో రాసే ప్రతి వ్యాఖ్యనూ అతనికి తెలపాల్సిందేనని 2008లో దేవ్‌దత్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. హెచ్చరికకూ అదే న్యాయం వర్తించాలి.

ఇంగ్లండ్, వేల్స్ పోలీసులకు 2020లో వచ్చిన నిబంధనలు ఈ విషయంలో చాలా నయం. లిఖితపూర్వక హెచ్చరిక 18 నెలలు, తుది హెచ్చరిక రెండేళ్లు అమల్లో ఉంటాయి. తుది హెచ్చరికను ఐదేళ్ల దాకా పొడిగించే వీలు కూడా ఉంది. ఉద్యోగి కెరీర్ బ్రేక్ తీసుకుంటే ఆ కాలం లెక్కలోకి రాదు, అంటే ఇంట్లో కూర్చుని గడువు కరిగించుకోవడం కుదరదు. ఒక హెచ్చరిక నడుస్తుండగా మళ్లీ తప్పు రుజువైతే మరో మామూలు హెచ్చరికతో సరిపెట్టకూడదు.

గడువు ముగియడం వేరు, కాగితం మాయం కావడం వేరు. షికాగోలో పోలీసు సంఘంతో కుదిరిన ఒప్పందం ప్రకారం కొన్నేళ్లు దాటిన ఫిర్యాదు ఫైళ్లను ధ్వంసం చేయాల్సి ఉండేది. అది చెల్లదని 2020 జూన్‌లో ఇల్లినాయ్ సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. మంచి తీర్పు. పాత హెచ్చరికను చూపి శిక్ష పెంచొద్దంటే ఒప్పుకుంటాం. ఒకే మనిషిపై ఒకే రకం ఫిర్యాదులు ఎన్నొచ్చాయో చూసుకోవడానికి ఆ కాగితం మాత్రం ఉండాలి. అమెరికాలో నల్లజాతీయుడు జార్జ్ ఫ్లాయిడ్‌ను చంపిన పోలీసు అధికారిపై అంతకుముందే పదికి పైగా ఫిర్యాదులున్నాయి. చాలావాటిపై చర్యే లేదు, చర్య తీసుకున్న చోట మందలింపు లేఖతో సరిపెట్టారు.

ఇన్ని కాగితాలు పెడితే సిబ్బంది స్థైర్యం దెబ్బతింటుందని సంఘాలు అంటాయి. ఏ తప్పుకు, ఎన్నాళ్లు, ఎవరికి అప్పీలు చేసుకోవాలో రాసిచ్చిన హెచ్చరిక కన్నా, అధికారి మూడ్‌ను బట్టి పడే చివాట్లే ఎక్కువ టెన్షన్ పెడతాయి. రాసిచ్చిన హెచ్చరిక సారాంశం ఫిర్యాదుదారుకూ అందాలి. కస్టడీలో కొట్టిన కేసును మాత్రం ఎంత పకడ్బందీగా రాసిన హెచ్చరికతోనైనా మూసేయకూడదు. అక్కడ నడవాల్సింది క్రిమినల్ కేసు.