సవరణ: పడవ వైరింగ్‌కి ఏ తొడుగున్న కేబుల్ వాడాలి

సరదా పడవల వైరింగ్ గురించి ఇంతకుముందు రాస్తూ, రాగి మందం సరిపోతే చాలు, ఇళ్లలో వాడే మామూలు పీవీసీ కేబులైనా ఫర్వాలేదు అన్నాను. అది తప్పు. అది చదివి కొనబోతున్నవాళ్లు దయచేసి ఆగండి.

మామూలు పీవీసీ తొడుగు సాధారణంగా 70 డిగ్రీల సెల్సియస్ వరకే తట్టుకుంటుంది. ఇంజిన్ గదిలో గాలే బాగా వేడెక్కి ఉంటుంది, దానికి కరెంటు పారేటప్పుడు తీగలో పుట్టే వేడి తోడవుతుంది. అక్కడ 105 డిగ్రీల రేటింగ్ ఉండి, ఆయిల్ తగిలినా పాడవని తొడుగు తీసుకోవడం మంచిది. ఆ కేబుల్‌కి కూడా ఇంజిన్ గదిలో మోయగల కరెంటును 0.85తో గుణించి తగ్గించుకోమంటుంది అమెరికాలో పడవలకు ప్రమాణాలు రాసే సంస్థ ఏబీవైసీ. సిలికాన్ తొడుగు ఇంకా ఎక్కువ వేడికి ఆగుతుంది, కానీ పదునైన అంచు తగిలితే ఇట్టే చిరుగుతుంది.

ఇంకో సంగతి అసలు చెప్పనేలేదు. పీవీసీ కేబుల్‌ని థర్మోకోల్‌కి ఆనించకూడదు. తొడుగును మెత్తగా ఉంచే ప్లాస్టిసైజర్ మెల్లగా థర్మోకోల్‌లోకి వెళ్లిపోతుంది. కొన్నాళ్లకు థర్మోకోల్ జిగురుజిగురుగా కరిగి కేబుల్‌కి అంటుకుంటుంది, తొడుగేమో బిరుసెక్కి వంచితే పగులుతుంది. ఐస్‌బాక్స్ వెనక నుంచి వైరు లాగినవాళ్లు ఒకసారి విప్పి చూడండి, ఆనుతుంటే మధ్యలో గట్టి పైపు వేయండి.

తగరం పూసిన సన్నపోగుల రాగి తీగే వాడమన్న మాటలో మాత్రం మార్పు లేదు.