ఏడాదిలో పది రోజుల కోసం రెండో కారు కావాలా?

ఇంట్లో రెండు కార్లున్నాయి. ఒకటి చిన్న పెట్రోల్ కారు, రోజువారీ పనులకు. ఇంకోటి పెద్ద డీజిల్ బండి, అందరం సామానుతో సహా దూరం వెళ్లడానికి. రెండూ పాతబడ్డాయి. రెండూ అమ్మేసి ఒక్క ఎలక్ట్రిక్ కారు కొనుక్కుంటే సరిపోతుందా అనే చర్చ మా ఇంట్లో ఏడాదిగా నడుస్తోంది, చాలా ఇళ్లలోనూ నడుస్తూ ఉంటుంది. ఈ మాట ఎత్తగానే అందరూ ముందు అడిగేది రేంజ్ ఎంత అని, అంటే ఒక్క ఫుల్ ఛార్జ్‌తో ఎన్ని కిలోమీటర్లు వెళ్తుందని. నా లెక్కలో అది మూడో ప్రశ్నో నాలుగో ప్రశ్నో. మొదట అడగాల్సింది, రెండు కార్లూ ఒకే సమయంలో చెరో దారిన వెళ్లాల్సిన రోజులు ఏడాదికి ఎన్ని అని.

దీనికి జవాబు తెలుసని అందరం అనుకుంటాం. నేనూ అనుకున్నాను. వారానికి రెండు మూడు రోజులైనా రెండూ బయటే ఉంటాయని గట్టిగా చెప్పేవాణ్ని. చివరికి ఒక నోటు పుస్తకం పెట్టి మూడు నెలలు రాశాం: ఏ బండి, ఎన్ని కిలోమీటర్లు, ఆ సమయంలో రెండోది ఎక్కడుంది. 90 రోజుల్లో రెండూ ఒకేసారి బయట ఉన్నవి 11 రోజులు. అందులో ఏడుసార్లు ఒకరు అరగంట ఆగినా, క్యాబ్ ఎక్కినా పని జరిగిపోయేదే. తప్పనిసరిగా రెండు కార్లు కావాల్సి వచ్చింది నాలుగు రోజులు. మీ పుస్తకంలో ఇలాగే తేలుతుందని కాదు. ఇద్దరూ రోజూ ఉదయం చెరో దిక్కుకి వెళ్లాల్సిన ఇల్లయితే రెండు కార్లూ ఉండాల్సిందే, అందులో ఒకటి ఎలక్ట్రిక్ అయితే చాలు, అక్కడితో చర్చ అయిపోయింది. కానీ రాయకుండా, లెక్కపెట్టకుండా మాత్రం ఈ నిర్ణయం తీసుకోకండి.

రెండో కారు తిరిగినప్పటికంటే నిలబడినప్పుడే ఎక్కువ తింటుంది, ఇది చాలామంది పట్టించుకోరు. ఇన్సూరెన్స్ కట్టాలి, తిరిగినా తిరగకపోయినా. ఇంజిన్ ఆయిల్ కిలోమీటర్లు పూర్తి కాకపోయినా ఏడాదికోసారి మార్చమంటారు. టైర్ల రబ్బరు ఎండలో, గాలిలో గట్టిపడిపోతుంది, పైన గాడులు కొత్తవాటిలా కనిపిస్తున్నా ఐదారేళ్లకి వాటిని నమ్మలేం. పెట్రోల్ ట్యాంకులో నెలల తరబడి ఉంటే పాడవుతుంది. బ్రేక్ డిస్కుల మీద తుప్పు పడుతుంది, బ్యాటరీ దిగిపోతుంది. అత్యవసరానికి ఉంటుందని అట్టే పెట్టిన బండి సరిగ్గా ఆ అర్ధరాత్రి సెల్ఫ్ తీసుకోలేదు, మాకు జరిగింది ఇది. పక్కింటివాళ్లని లేపి, జంపర్ కేబుళ్లు తెచ్చి స్టార్ట్ చేసేసరికి 40 నిమిషాలు. ఆ రాత్రి నుంచే నాకు రెండో కారు మీద ఉన్న ధైర్యం సగం పోయింది.

ఇంకో సంగతి. రెండు రకాల కార్లుంటే దేని పని అది చేస్తుందని అనుకుంటాం, చిన్నది ఇక్కడికి, పెద్దది దూరానికి అని. ఆచరణలో ఏ బండి ముందు పార్క్ చేసి ఉంటే అదే బయటికి వెళ్తుంది. వెనకున్న కారు తీయాలంటే ముందుది జరపాలి, ఆ ఓపిక ఎవరికీ ఉండదు. దాంతో మా డీజిల్ బండి రెండు మూడు కిలోమీటర్ల పనులకి తిరగడం మొదలుపెట్టింది. ఇప్పటి డీజిల్ కార్లకి సైలెన్సర్ దారిలో మసిని పట్టే ఫిల్టర్ ఒకటి ఉంటుంది, డీపీఎఫ్ అంటారు. పట్టిన మసిని అది కాల్చేసుకోవాలంటే దాదాపు 600 డిగ్రీల వేడి కావాలి, ఆ వేడి రావాలంటే బండి కాసేపు ఆగకుండా మంచి వేగంతో నడవాలి. చిన్న చిన్న ట్రిప్పుల్లో ఇంజినే సరిగా వేడెక్కదు, ఇంక ఫిల్టర్ ఎక్కడ వేడెక్కుతుంది. నారింజ రంగు లైటు వెలిగింది, మెకానిక్ హైవే మీద ఒక అరగంట తిప్పుకు రమ్మన్నాడు, నేను ఏ పనీ లేకుండా డీజిల్ కాల్చుకుంటూ వెళ్లొచ్చాను. ఫిల్టర్ శుభ్రం చేయడానికి ఇంధనం తగలెయ్యడం ఏమిటని ఆ అరగంటా మనసు పీకుతూనే ఉంది.

ఎలక్ట్రిక్ కారుకి ఈ బాధ లేదు. 500 మీటర్లు వెళ్లినా దానికి ఏమీ కాదు, ట్రాఫిక్‌లో ఆగినా ఇంధనం వృథాగా మండదు, బ్రేక్ వేసినప్పుడు పోయే శక్తిలో కొంత మళ్లీ బ్యాటరీలోకి వస్తుంది. పెట్రోల్ ఇంజిన్ రోజువారీ వాడకంలో ఇంధనంలోని శక్తిలో సుమారు నాలుగో వంతునే చక్రాలకి చేరుస్తుంది, మిగతాదంతా వేడిగా పోతుంది. ఎలక్ట్రిక్ కారు బ్యాటరీలోని శక్తిలో నూటికి 80కి పైగానే చక్రాలకి అందిస్తుంది. అంటే చిన్న కారు చేసే పని అది చిన్న కారు కంటే బాగా చేస్తుంది, ఇందులో నాకు ఏ అనుమానమూ లేదు. అనుమానమంతా పెద్ద బండి పని గురించే.

సరే, అదే చూద్దాం. 60 యూనిట్ల (కరెంటు బిల్లులో ఉండే యూనిట్లే, ఒక్కోటి ఒక కిలోవాట్ అవర్) బ్యాటరీ ఉన్న కారు హైవే మీద 100 కిలోమీటర్లకి 18 యూనిట్లు తింటుందనుకుందాం, కొంచెం అటూఇటూగా చాలా కార్లకి ఇది నప్పే లెక్కే. ఇంటి దగ్గర ఫుల్ చేసుకుని బయల్దేరి, 10 శాతం మిగిలేదాకా నడిపితే 300 కిలోమీటర్లు. అక్కడ ఆగి 10 నుంచి 80 శాతానికి ఎక్కిస్తే 42 యూనిట్లు, మళ్లీ 230 కిలోమీటర్ల పైచిలుకు. 500 కిలోమీటర్ల ప్రయాణానికి ఒక్కసారి ఆగితే సరిపోతుందన్నమాట. ఆగేది ఎంతసేపు అన్నది మాత్రం ఆ ఛార్జర్ మీద, మీ కారు ఎంత పవర్ తీసుకోగలదన్న దాని మీద ఉంటుంది. సగటున 75 కిలోవాట్లు అందితే అరగంట దాటి కాస్త, అదే 30 కిలోవాట్ల ఛార్జర్ దొరికితే గంటన్నరకి దగ్గర. ఇక 80 శాతం దాటాక బ్యాటరీ ఛార్జింగ్ బాగా నెమ్మదిస్తుంది, అక్కడ 100 కోసం కూర్చోవడం దండగ, తర్వాతి ఛార్జర్ దాకా వెళ్లిపోవడమే మేలు.

కంపెనీ చెప్పిన రేంజ్ రావడం లేదని గొడవపడేవాళ్లు ఒకటి గుర్తుపెట్టుకోవాలి. రేంజ్ కొలవడానికి చాలా దేశాల్లో వాడే డబ్ల్యూఎల్‌టీపీ పరీక్షలో సగటు వేగం గంటకి 46 కిలోమీటర్ల చుట్టుపక్కలే. గాలి నిరోధం వేగం వర్గంతో పాటు పెరుగుతుంది, 80లో వెళ్లేదానితో పోలిస్తే 120లో వెళ్తే గాలి రెండుంబావు రెట్ల బలంతో వెనక్కి నెడుతుంది. పెట్రోల్ కారు హైవే మీద మైలేజ్ ఎక్కువిస్తే, ఎలక్ట్రిక్ కారు అందుకే హైవే మీద తక్కువిస్తుంది. గడ్డకట్టే చలిలో ఇంకా తగ్గుతుంది. వెనక ట్రాలీ లాగితే సగానికి పడిపోవచ్చు, అలాంటి పని తరచూ ఉన్నవాళ్లు డీజిల్ బండిని ఇప్పుడే వదలొద్దు.

ఇప్పుడు నేను అసలు చెప్పాలనుకున్న మాటకి వస్తాను. రెండో కారుని మనచేత ఉంచే భయం ఒకటుంది చూశారా, ఏడాదిలో వచ్చే ఆ పది పెద్ద ప్రయాణాలకి ఎలా అన్న భయం, అదే భయం ఎలక్ట్రిక్ కారు కొనేటప్పుడు ఇంకో రూపంలో వస్తుంది. రెండు కార్లు తీసేస్తున్నాం కదా, ఉన్నదాంట్లో అతి పెద్ద బ్యాటరీ తీసుకుందాం అనిపిస్తుంది. 60 యూనిట్ల బ్యాటరీ ప్యాకే 400 కిలోల దగ్గర ఉంటుంది. 90, 100 యూనిట్లది అంటే ఇంకో ఇద్దరు ముగ్గురు పెద్దవాళ్ల బరువు ఎక్కువ, రోజూ, ఖాళీగా వెళ్తున్నా సరే. టైర్లు త్వరగా అరుగుతాయి, కొనుగోలు ధరలో పెద్ద భాగం ఆ బ్యాటరీదే. అంటే పార్కింగులో నిలబడి తినే రెండో కారుని వదిలించుకుని, దాన్ని మొదటి కారు అడుగున కట్టుకుని తిరుగుతున్నట్టే. పది రోజుల భయానికి 355 రోజులు డబ్బు కడుతూనే ఉంటాం. మీ రోజువారీ అవసరానికి రెండు మూడింతలు, మీరు తరచూ వెళ్లే దూరానికి ఒక్క స్టాప్‌తో సరిపోయేంత బ్యాటరీ చాలు. ఆ పైన వచ్చే ప్రయాణాలకి, లేదా ఏడుగురు ఎక్కాల్సిన రోజుకి, బండి అద్దెకి తీసుకోవడంలో చిన్నతనం ఏమీ లేదు. అద్దె ఎక్కువనిపిస్తుంది, ఎందుకంటే అది ఒక్కసారిగా కళ్లముందు కనపడుతుంది. రెండో కారు ఖర్చు కనపడదు, అదే తేడా.

ఇంటి దగ్గర ఛార్జింగ్ లేనివాళ్లకి మాత్రం నేను ఒక్క ఎలక్ట్రిక్ కారు సలహా ఇవ్వను. అలాగని పెద్ద ఏర్పాటేమీ అక్కర్లేదు. రోజుకి 40 కిలోమీటర్లు తిరిగితే ఖర్చయ్యేది ఏడు యూనిట్ల చుట్టూ, సరైన ఎర్తింగ్, సరైన వైరు ఉన్న 3 కిలోవాట్ల సాకెట్ మీద కూడా మూడు గంటల్లోపే ఎక్కేస్తుంది, మీరు నిద్రపోతుండగానే. కానీ ఆ ఒక్క సాకెట్ మీ పార్కింగ్ చోటులో మీదిగా ఉండాలి. ఎక్కడో పబ్లిక్ ఛార్జర్ దగ్గర వారానికి రెండుసార్లు కూర్చోవాల్సి వస్తే, ఉన్న ఒక్క కారూ అదే అయితే, ఆ టెన్షన్ పడలేరు.

ఇంకో నిజమైన ఇబ్బంది, దీన్ని నేను తేలిగ్గా తీసుకోను: ఒక్క కారే ఉన్నప్పుడు అది వర్క్‌షాప్‌కి వెళ్తే ఇంట్లో ఏదీ లేదు. చిన్న యాక్సిడెంట్ అయి విడిభాగాలు రావడానికి వారాలు పట్టిందంటే పని ఎలా? ఎలక్ట్రిక్ కారులోనూ చిన్న 12 వోల్టుల బ్యాటరీ ఉంటుంది, అది దిగిపోతే పెద్ద బ్యాటరీ నిండుగా ఉన్నా బండి మేలుకోదు. కొనే ముందు రేంజ్ గురించి అడిగినంతసేపూ సర్వీసు గురించి అడగండి. రిపేరుకి వెళ్తే మరో బండి ఇస్తారా, ఇన్సూరెన్స్‌లో ఆ సదుపాయం ఉందా, దగ్గర్లో హై వోల్టేజ్ పని తెలిసిన మెకానిక్ ఉన్నాడా. జవాబులు సరిగా రాకపోతే ఇంకో మోడల్ చూసుకోండి.

బ్యాటరీ త్వరగా పోతుందన్న భయం పాత రోజులది. 2010 చివర్లో వచ్చిన నిస్సాన్ లీఫ్‌లో బ్యాటరీని చల్లబరిచే ద్రవ వ్యవస్థ లేదు, వేడి ప్రాంతాల్లో తొలి కార్ల బ్యాటరీలు త్వరగా తగ్గాయి, ఆ కథలే ఇప్పటికీ తిరుగుతున్నాయి. ఇప్పుడు ఎక్కువ మోడళ్లలో ద్రవంతో చల్లబరిచే ఏర్పాటు ఉంది, చాలా కంపెనీలు 8 ఏళ్లు లేదా 1,60,000 కిలోమీటర్ల వరకు 70 శాతం సామర్థ్యానికి వారంటీ ఇస్తున్నాయి. ఎండలో రోజుల తరబడి ఫుల్ ఛార్జ్‌తో నిలబెట్టకపోతే చాలు.

ఇందులో పర్యావరణం మాట కూడా ఉంది. ఎలక్ట్రిక్ కారు తయారీలో, ముఖ్యంగా బ్యాటరీ తయారీలో, పెట్రోల్ కారు కంటే ఎక్కువ కార్బన్ వెలువడుతుంది. ఆ అప్పు తిరిగి తీరేది బండి తిరిగిన కొద్దీ. కొని మూలన పెడితే తీరదు. రెండు కార్ల కిలోమీటర్లు ఒకే ఎలక్ట్రిక్ కారు మీద పడితే త్వరగా తీరుతుంది, డబ్బు లెక్కలోనూ అంతే, కొనడానికి ఎక్కువ, నడపడానికి తక్కువ అయ్యే వస్తువు ఎంత తిరిగితే అంత గిట్టుబాటు. ఏడాదికి నాలుగైదు వేల కిలోమీటర్లే తిరిగే ఇల్లయితే బాగా నడుస్తున్న పాత చిన్న కారుని ఉంచుకుని, పెద్దది మాత్రం తీసేయండి, కొత్తది ఏదీ కొనకండి.

మేం నిర్ణయించుకున్నది ఇది. డీజిల్ బండి ఈ నెలలోనే అమ్ముతున్నాం, 60 యూనిట్ల లోపు బ్యాటరీ ఉన్న ఎలక్ట్రిక్ కారు తీసుకుంటున్నాం. చిన్న పెట్రోల్ కారు ఆరు నెలలు ఉంటుంది, వారానికోసారి అరగంట నడుపుతాం, బ్యాటరీ దిగకుండా. దాని తాళం చెవి ఆ నోటు పుస్తకం మీదే పెట్టాం. తీసిన ప్రతిసారీ ఎందుకు తీశామో ఒక లైను రాయాలని ఇంట్లో ఒప్పందం. ఆరు నెలలయ్యాక ఆ పేజీ తెరిచి చూసి, దాన్ని ఉంచాలో అమ్మాలో అప్పుడు తేల్చుకుంటాం.