దయా, నీకో దండం

నిన్న ఉదయం చెత్తబుట్ట బయట పెడదామని ఒక్క అడుగు గడప దాటాను. గాలికి తలుపు ధడేల్‌మని పడి లాక్ అయిపోయింది. తాళంచెవి లోపల, ఫోను లోపల, లుంగీలో నేను బయట. ఆవిడ పుట్టింటికెళ్ళింది. జరిగింది ఇంతే. మిగతాదంతా నా స్వయంకృతం.

ఎదురింటి అంకుల్ తలుపు బార్లా తీసుకుని టీవీలో సీఐడీ సీరియల్ చూస్తున్నారు. 1998లో సోనీలో మొదలైన రోజుల నుంచీ ఆయనకది నిత్యపూజ. 2018లో ఆపేస్తే పాతవే తిరగేశారు. 2024 డిసెంబరులో మళ్ళీ మొదలైతే ఇంట్లో పాయసం చేయించారు. చప్పుడు విని బయటికొచ్చి, తలుపునీ, నన్నూ, బుట్టనీ వరసగా చూసి, అందులో పోలీసు బాసు ఏసీపీ ప్రద్యుమన్ లాగా కుడిచెయ్యి గాల్లోకి లేపి వేళ్ళు తిప్పడం మొదలెట్టారు.

"కుఛ్ తో గడ్‌బడ్ హై."

"గడబిడేం లేదంకుల్, తలుపు పడింది."

"పడినప్పుడు నువ్వెక్కడున్నావు?"

"ఇక్కడే."

"సాక్షులు?"

"ఈ బుట్ట."

ఆయన బుట్టలోకి తొంగి చూశారు. సీరియల్లో ఫోరెన్సిక్ డాక్టర్ సాలుంఖే ల్యాబుకి పంపుతారేమోనని భయపడ్డాను. పంపలేదు. నా భుజం తట్టి, "దయా, దర్వాజా తోడ్ దో!" అన్నారు. తలుపు బద్దలుకొట్టమని ఇన్‌స్పెక్టర్ దయాకి ప్రద్యుమన్ ఇచ్చే ఆర్డరది.

నవ్వి ఊరుకోవాల్సింది. కానీ ఇరవై ఏళ్ళు ఆ డైలాగు విన్న ఒంటికి దానంతట అదే పూనకం వస్తుందనుకుంటా. లుంగీ ఎగ్గట్టాను. లిఫ్టు దాకా వెనక్కి నడిచాను. దయా వేషం వేసే దయానంద్ శెట్టి ఎత్తెంత, నా పొట్టెంత అన్న ఆలోచన రాలేదు. నేను చూసినంతలో దయా తన్నిన ఏ తలుపూ రెండో తన్ను అడగలేదు; అసలు వాటికి గడియలుంటాయా అని నాకిప్పుడు అనుమానం. మా బిల్డరు గోడలో మేకు దిగితే పెచ్చులూడేలా కట్టాడు, బాత్రూముకి వాలు పెట్టడం మర్చిపోయాడు. మహానుభావుడు, ఈ ఒక్క తలుపు మాత్రం కోటగుమ్మంలా బిగించాడు. పరిగెత్తాను. తన్నాను. ఎడంకాలి హవాయి చెప్పు గాల్లోకి లేచి మెట్ల సందులోంచి కింది అంతస్తులకి వెళ్ళిపోయింది. తలుపు కదల్లేదు. బొటనవేలు కదిలింది, మామూలుగా అది కదలని వైపుకి. లోపల గోడ మీంచి ఏదో పడి భళ్ళుమంది.

"తాళం దగ్గర తన్నాలయ్యా, మధ్యలో కాదు," అన్నారు అంకుల్. ఆ ముక్క ముందే చెప్పొచ్చుగా!

ఆయన ఫోన్‌లోంచే కార్పెంటర్‌ని పిలిచాం. అతను గేటు దగ్గరికొచ్చి ఆగిపోయాడు. ఇంటర్‌కమ్‌లో సెక్యూరిటీ: "మీ ఫ్లాట్‌కొచ్చాడు కదా సార్, యాప్‌లో మీరే అప్రూవ్ చెయ్యాలి."

"ఫోను లోపలుండిపోయింది."

"లోపలికెళ్ళి చెయ్యండి సార్."

"వెళ్ళగలిగితే కార్పెంటర్ ఎందుకయ్యా?"

"అది తెలీదు సార్. అసోసియేషన్ రూలు."

అంకుల్ ఫ్లాట్‌కి వచ్చినట్టు రాయించి పంపమన్నాం. సరే, కానీ అంకుల్ ఎపిసోడ్ క్లైమాక్స్‌లో ఉంది, అది అయ్యాకే అప్రూవ్ చేస్తానన్నారు. 2004లో సీఐడీ వాళ్ళు 111 నిమిషాల ఎపిసోడ్‌ని ఎక్కడా కట్ లేకుండా ఒకే షాట్‌లో తీసి గిన్నిస్‌కెక్కారట. ఆ విశేషమంతా యాడ్స్ మధ్యలో నాకు వివరంగా చెప్పారు. నేను ఒంటి చెప్పుతో గడపలో నిలబడి విన్నాను. నాదీ కట్ లేని షాటే.

కార్పెంటర్ వచ్చి నా బొటనవేలు చూశాడు, తలుపు మీద పాదం ముద్ర చూశాడు, ఏమీ అడగలేదు. కూల్‌డ్రింక్ బాటిల్ లోంచి కోసిన ప్లాస్టిక్ ముక్క సందులో దూర్చి అలా కిందికి లాగాడు. తలుపు తెరుచుకుంది. ఐదొందలు.

నేల మీద మా పెళ్ళి ఫోటో, గాజు పెంకులు. పక్కన ఫోను మోగుతోంది. కుంటుకుంటూ వెళ్ళి ఎత్తాను.

"సార్, మీకోసం పొద్దున కార్పెంటర్ వచ్చాడు, యాప్‌లో ఇంకా పెండింగ్ చూపిస్తోంది. పంపమంటారా?"