పునాదికి ముందే రెఫ్యూజల్

పవర్ ప్లాంటు పునాది ఎక్కడ మొదలవుతుందో మన ఇంజనీర్లకి ఇప్పటికీ సరిగ్గా తెలియదని మా శ్రీకాకుళం జిల్లా అనుభవం. నేల తవ్వి, పైల్స్ (లోతుగా దిగే కాంక్రీటు స్తంభాలు) దింపి, పైన రాఫ్ట్ (మందపాటి కాంక్రీటు పలక) పోస్తే పునాది అనుకుంటారు పాపం. అసలు పునాదంటే ముందు షామియానా, తర్వాత శిలాఫలకం, ఆపైన కొబ్బరికాయ. టెక్కలి గ్రానైట్‌తో చెక్కించారంటే తరాలు గడిచినా చెక్కుచెదరదు. దానికి సాయిల్ టెస్ట్ అక్కర్లేదు, క్యూరింగ్ అక్కర్లేదు, 28 రోజులకి కాంక్రీటు దిమ్మని నొక్కి బలం చూసే క్యూబ్ టెస్టులో ఫెయిలవుతుందన్న టెన్షన్ లేదు. ఇంత గట్టి కట్టడానికి ఐఎస్ కోడ్‌లో (మన దేశపు నిర్మాణ ప్రమాణాల పుస్తకంలో) ఒక్క క్లాజు లేకపోవడం ఉత్తరాంధ్రకి జరిగిన అన్యాయాల్లో ఒకటి.

సాయిల్ టెస్ట్ అసలు చెయ్యరని కాదు. మూడు కాళ్ళ స్టాండు నిలబెట్టి, 63.5 కిలోల సుత్తిని 75 సెంటీమీటర్ల ఎత్తు నుంచి దబ్బున వదులుతారు. కింద గొట్టం ఎంత దిగిందో చూస్తూ దెబ్బలు లెక్కపెడతారు. మెత్తటి బంకమన్నైతే నాలుగు దెబ్బలకే జర్రున దిగిపోతుంది. గట్టి పొర తగిలి, 50 దెబ్బలేసినా 15 సెంటీమీటర్లు దిగలేదనుకోండి, దాన్ని ‘రెఫ్యూజల్’ అంటారు. అంటే నేల ‘పోవోయ్, దిగనివ్వను’ అందన్నమాట. ఆ మాట వినగానే ఇంజనీరుకి ప్రాణం లేచొస్తుంది. ఎదుటివాళ్ళు ఒప్పుకోకపోతే సంబరపడే వృత్తి నాకు తెలిసి ఇదొక్కటే.

సోంపేట బీలలో, అంటే చిత్తడి నేలలో, ఆ రెఫ్యూజల్ సున్నా మీటర్ల దగ్గరే వచ్చేసింది. అనుకున్నది 2640 మెగావాట్ల థర్మల్ ప్లాంటు. మన్ను సంగతి తేలకముందే మనుషులు దిగనివ్వమన్నారు. మరి ఈ రెఫ్యూజల్‌కి ఎవరికీ ప్రాణం లేచిరాలేదు. 2010 జులై 14న పోలీసు కాల్పుల్లో ప్రాణాలు పోయాయి. ఏడున్నర నెలలకి, 2011 ఫిబ్రవరి 28న, సంతబొమ్మాళి మండలం కాకరాపల్లిలో మరో థర్మల్ ప్లాంటు దగ్గర మళ్ళీ అదే. (ఇక్కడ వ్యంగ్యం నాకు చేతకాదు, ముందుకి పోతాను.)

మా జిల్లాలోనే ఉన్న కొవ్వాడది అణు విద్యుత్తు కనుక అన్నీ పద్ధతిగా జరగాలి. 2009లో అమెరికా రియాక్టర్లకని ఆ ఊరిని ఎంచారు. తర్వాత రియాక్టర్ రకం మారి, ఒక్కోటి 1208 మెగావాట్ల చొప్పున ఆరు అన్నారు. రియాక్టర్ పునాదిలో మొదటి కాంక్రీటు పడిన రోజే నిర్మాణం మొదలైనట్టని ఆ రంగంలో రివాజు. ఆ లెక్కన ఇన్నేళ్ళూ నడిచింది ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం. పైగా అది రణస్థలం మండలం. స్థలం ఎంపిక చేసినవాళ్ళకి తెలుగు రాదేమో.

ఓసారి తంపర (నీళ్ళు నిలిచే పల్లపు నేల) గట్టు మీద బోరు వేస్తుంటే నేనూ నిలబడి చూశాను. గోచీ బిగించుకున్న ముసలాయన ఒకడు దగ్గరికొచ్చాడు.

“ఏటి బాబూ, నీళ్ళకేనా బోరు?”

“కాదు తాతా. మట్టి ఎంత గట్టిదో చూడ్డానికి” అన్నాడు దెబ్బలు లెక్కపెట్టే కుర్రాడు.

“గట్టిదైతే ఏటి సేస్తారు?”

“ప్లాంటు కడతారు.”

“మెత్తందైతే?”

“ఇంకా లోతుకి పోయి కడతారు.”

“మరింక సూడ్డం దేనికి బాబూ?”

కుర్రాడు జవాబు చెప్పలేదు. చెవి మీద పెన్సిలు తీసి, కాగితంలో నీటిమట్టం అన్న గడిలో 0.4 మీటర్లు అని రాసుకున్నాడు.