కమోడ్ మెరుపు సరే, కింద వంపు సంగతేంటి?

మరుగుదొడ్డి చరిత్ర ఎవరు ఎత్తినా ఫ్లష్ దగ్గరే మొదలుపెడతారు. కనిపెట్టింది లండన్ ప్లంబర్ థామస్ క్రాపర్ అని సగం మంది నమ్మకం. ఆయన పుట్టిందే 1836లో! ఇంగ్లండ్‌లో జాన్ హారింగ్టన్ 1596లోనే తొట్టి, కవాటం పెట్టి ఫ్లష్ దొడ్డి ఎలా కట్టాలో రాసేశాడు. కాకపోతే దానికి వాసనని ఆపే నీటి అడ్డు లేదు.

నన్నడిగితే దండ వేయాల్సింది అలెగ్జాండర్ కమింగ్‌కి. గడియారాలు చేసే మనిషి. 1775లో ఆయన తీసుకున్న పేటెంట్‌లో అసలు తెలివంతా పైపుని ఎస్ ఆకారంలో వంచడంలోనే ఉంది. ఆ వంపులో నీళ్లు నిలుస్తాయి, కింది గాలి పైకి రాదు.

ఆ వంపునే ట్రాప్ అంటారు. ఇప్పటి ట్రాప్‌లో నిలిచే నీళ్లు మామూలుగా 50 మిల్లీమీటర్ల లోతు. ఇల్లంతా కాపాడేది ఆ రెండంగుళాలే. వాడని బాత్రూంలో అవి కొన్ని వారాల్లో ఆవిరైపోతాయి, కంపు మొదలవుతుంది. వెంటనే యాసిడ్ పోస్తారు, సెంటు బిళ్లలు వేలాడదీస్తారు. ఒక చెంబుడు నీళ్లు పోస్తే పోయేదానికి! ఊరెళ్లే ముందైతే నహానీ ట్రాప్‌లో (బాత్రూం నేలలో జాలీ కింద ఉండేది) నీళ్ల మీద కాస్త వంటనూనె వేయండి, త్వరగా ఆరవు.

రోజూ వాడే బాత్రూం కంపు కొడుతుంటే వెంట్ పైపుని, అంటే మురుగు పైపుకి గాలి అందించే గొట్టాన్ని, అనుమానించండి. పై అంతస్తులో ఫ్లష్ కొట్టగానే మీ ట్రాప్ గుడగుడమంటోందా? పైపులో దిగే నీళ్లు వెనక గాలిని లాగుతాయి. గాలికి వేరే దారి లేకపోతే మీ ట్రాప్‌లో నీళ్లే పోతాయి. వెంట్ పైపుని కప్పు పైదాకా తీసుకెళ్లేది అందుకే. ఖర్చు తగ్గించాలంటే ముందు కోసేసేదీ దాన్నే, ఏం చెప్తాం! ఇంకొందరు జాగ్రత్త ఎక్కువై ఒకే లైనులో రెండు ట్రాప్‌లు బిగిస్తారు. మధ్యలో గాలి చిక్కి నీళ్లు దిగవు.

 

ఫ్లష్ ఒక్కటే చాలదని లండన్ 1858లో చూసింది. ఇళ్లలో ఫ్లష్‌లు పెరిగాయి, మురుగంతా థేమ్స్‌లో కలిసింది. ఆ వేసవి కంపుకి పార్లమెంటు కర్టెన్లని బ్లీచింగ్ సున్నంలో ముంచాల్సి వచ్చింది. ఆ తర్వాతే ఇంజనీరు బజల్‌గెట్ గీసిన మురుగు కాలవలకి డబ్బు కదిలింది.

మురుగు కాలవ లేని చోట నా ఓటు రెండు గుంతల దొడ్డికే. బేసిన్ వాలు 25 నుంచి 28 డిగ్రీలు, ట్రాప్‌లో నీళ్ల లోతు 20 మిల్లీమీటర్లే. అందుకే ఒకటిన్నర, రెండు లీటర్లతో శుభ్రంగా పోతుంది. ఒక గుంత నిండాక లైను రెండోదానికి మార్చి, మొదటిదాన్ని కనీసం ఏడాదిన్నర, రెండేళ్లు వదిలేస్తే లోపలిది ఎరువవుతుంది. ఇక్కడ చెడగొట్టేది జంక్షన్ చాంబరే, అంటే పైపు రెండు గుంతలకీ చీలే చోటు. అందులో ఒక దారి ఎప్పుడూ మూసి ఉండాలి. రెండూ తెరిచి వదిలేస్తే రెండు గుంతలూ ఒకేసారి పచ్చిగా నిండుతాయి, ఇక దేన్నీ చేత్తో ముట్టుకోలేరు.