సవరణ: ఏదో ఒక కారణం చెబితే చాలా?

ఆఫీసులో మన మాట చెల్లాలంటే "అడిగేటప్పుడు ఏదో ఒక కారణం జోడించండి, పనైపోతుంది" అని పోయినవారం పోస్టులో ఉంది. అది చిన్న పనులకే. గుంటూరు మిర్చి కమీషన్ కొట్లో పనిచేసే ఒకాయన "నాకు మాత్రం అవలేదండీ" అన్నారు. అవదు మరి.

ఆ మాటకు ఆధారం మనస్తత్వవేత్త ఎలెన్ లాంగర్ బృందం న్యూయార్క్‌లో చేసి, 1978లో ప్రచురించిన జిరాక్స్ మెషీన్ ప్రయోగం. మెషీన్ వాడబోతున్నవాళ్లను ఆపి, ముందు నా అయిదు పేజీలు తీసుకోనివ్వండని ఊరికే అడిగితే 60 శాతం సరేనన్నారు. "కాపీలు తీసుకోవాలి కాబట్టి" అని కారణం కాని కారణం చెప్పినా 93 శాతం ఒప్పుకున్నారు. అందరూ చెప్పుకునేది ఇంతవరకే. 20 పేజీలనేసరికి ఆ డొల్ల కారణం చెప్పినా, చెప్పకపోయినా 24 శాతమే. తొందరలో ఉన్నానంటే 42.

"బిల్లు మీద సంతకం పెట్టండి, పంపాలి" అంటే ఎవరైనా పెడతారు. సీజన్లో, యార్డు నిండా టిక్కీలు (మిర్చి బస్తాలు) దిగిన రోజు, రాత్రిపూట కోల్డ్ స్టోరేజీకెళ్లి లాట్లు సరిచూసి రమ్మని తోటి గుమస్తాను అడగాలంటే మాత్రం ఉన్నదున్నట్టు చెప్పాలి: రైతు పొద్దున్నే వస్తున్నాడు, స్లిప్పులో రెండు లాట్ల నంబర్లు తారుమారయ్యాయి, సరిచేయకపోతే సరుకు బయటికి రాదు. అంత చెప్పినా కొందరు కదలరు. ఆ 42 చూశారుగా.

ఇంకొకటి. పోస్టులో ఉన్న, ఎదుటివాళ్లను ఒప్పించడం గురించి మనస్తత్వవేత్త రాబర్ట్ చాల్దీనీ చెప్పిన ఆరు సూత్రాలు 1984 నాటివి. ఏడోది, ‘మనమంతా ఒకటే’ అన్న భావన, ఆయన 2016లో చేర్చారు. ఊరు, వరస కనుక్కోకుండా మాటే మొదలుపెట్టని మనకు అదేం కొత్త కాదనుకోండి. పాత పోస్టులో రెండూ సరిచేశాను.