మహారాజశ్రీ అర నక్షత్రం గారి సముఖానికి

ఒక మామూలు ప్రేక్షకుడు నమస్కరించి రాసుకుంటున్న విన్నపం.

మేము క్షేమం. తమరి క్షేమం అడగనక్కరలేదు. ప్రతి సినిమా సమీక్ష చివరా ఒక పక్క వెలుగుతూ, ఒక పక్క ఆరిపోయి తమరు దర్శనమిస్తూనే ఉన్నారు. నిండు నక్షత్రాలు రెండో మూడో తమరి పక్కన నిలబడి ఉంటాయి గానీ వాటి మొహం చూసేవారే లేరు. అందరూ అడిగేది ఒకటే ప్రశ్న: రెండా, రెండున్నరా? నిర్మాత దేవుళ్లకు మొక్కుకునేది తమరి కోసం. అభిమానులు కత్తులు నూరేది తమరి మీద. ఇంతటి పలుకుబడి ఉన్న సగం ముక్క లోకంలో మరొకటి లేదు.

తమరి వంశచరిత్ర తిరగేశాను. 1928 జులై 31న న్యూయార్క్ డైలీ న్యూస్ పత్రికలో ఐరీన్ థైరర్ అనే విమర్శకురాలు సినిమాలకు నక్షత్రాలు వేయడం మొదలుపెట్టారు. మూడు వేస్తే అద్భుతం, రెండైతే బాగుంది, ఒకటైతే అంతంతమాత్రం, ఏమీ వేయకపోతే దండగ. నాలుగే మెట్లు, ఎక్కినా దిగినా ఎవరికీ సందేహం రాదు. 1950ల్లో పారిస్‌లో ‘కాయే దు సినిమా’ పత్రిక పదిమందిని కూర్చోబెట్టి పట్టిక వేయించింది. కళాఖండమైతే నాలుగు నక్షత్రాలు. హాలు దాకా వెళ్లే శ్రమ అనవసరమనిపిస్తే ఒక నల్ల బొట్టు. బొట్టు పెట్టి పిలవడం విన్నాం గానీ, బొట్టు పెట్టి వద్దనడం వాళ్లకే చెల్లింది! అమెరికా టీవీలో జీన్ సిస్కెల్, రోజర్ ఎబర్ట్ అనే విమర్శకులిద్దరూ బొటనవేలితో పని కానిచ్చారు. పైకెత్తితే చూడమని, కిందికి దించితే వద్దని. మొరటు పద్ధతే, కాదనను. కానీ అందులో తమరికి చోటు లేదు. సగం లేపిన బొటనవేలిని చూస్తే దారిన పోయే బండి ఆగుతుందేమో గానీ, సినిమా సంగతి ఎవరికీ తెలియదు.

మరి తమరు ఏ మొహమాటస్థుడి కలంలోంచి ఊడిపడ్డారో! రెండు ఇస్తే నిర్మాత నొచ్చుకుంటాడు, మూడు ఇస్తే పాఠకుడు తిట్టుకుంటాడు. మధ్యలో తమరు. ఒకరిని నొప్పించక, తాను నొవ్వక తప్పించుకు తిరిగే ధన్యులందరికీ తమరే కులదైవం.

తమరి కొలువులో పనిచేసే వాక్యాల గురించి కాస్త వివరంగా మాట్లాడాలి. తమరొక్కరే వస్తే భరించేవాళ్లం. పరివారంతో సహా వస్తున్నారు.

‘మిగతావారు తమ పాత్రల పరిధి మేరకు నటించారు.’ ఈ పరిధిని గీసినదెవరు? సర్వే చేయించి హద్దురాళ్లు పాతారా? ఎవరైనా ఒక అడుగు అవతల పెట్టి నటిస్తే పక్క పాత్ర మీద ఆక్రమణ కేసు పడుతుందా? ఈ ఒక్క వాక్యం కింద ఎంతమంది నటులు సమాధి అయ్యారో లెక్క లేదు. నాలుగే సన్నివేశాల్లో కనిపించి, కూతురి ఉత్తరం చదివి మడతపెట్టేటప్పుడు పాత మడత మీదే మడవడానికి వేళ్లతో తడుముకున్న నటి కూడా ఆ ‘మిగతావారి’లోనే ఉంటుంది. ఆ మడత చూసినవాడు దాని గురించి రాసేవాడు. చూడనివాడు పరిధి గీశాడు.

‘నిర్మాణ విలువలు ఉన్నతంగా ఉన్నాయి.’ అంటే గోడలకు కొత్త రంగు వేశారని నాకు అర్థమైంది. ‘ఎడిటింగుకు ఇంకాస్త పదును పెట్టాల్సింది.’ ఎక్కడ అయ్యా? ఏ సన్నివేశం దగ్గర తమకు కునుకు పట్టిందో చెబితే మేమూ అక్కడ జాగ్రత్తగా ఉంటాం కదా. ఇక ‘ఒకసారి చూడవచ్చు’ అన్నది వీటన్నిటికీ పెద్దన్న. తమరికీ, ఆ వాక్యానికీ ఏనాడో పెళ్లయిపోయింది. ఒకరిని విడిచి ఒకరు కనిపించరు.

పొట్టిగా రాయడం తప్పని నా ఫిర్యాదు అనుకోకండి. సినిమాల గురించి రెండు ముక్కల్లో తేల్చిచెప్పడం గొప్ప విద్య. లెనర్డ్ మాల్టిన్ అనే అమెరికన్ విమర్శకుడు 1969లో ఇలాంటి చిన్న అభిప్రాయాలన్నీ గుదిగుచ్చి ఒక గైడు పుస్తకం తెచ్చారు. కొత్త సినిమాలు కలుపుకుంటూ అది 2014 దాకా అచ్చయింది. వేల సినిమాలు, ఒక్కోదానికి నాలుగైదు వరుసలు. 1948లో వచ్చిన ఒక హాలీవుడ్ చిత్రం పేరు ‘ఇది రొమాంటిక్ కదూ?’ అన్న అర్థం వచ్చే ప్రశ్న. దాని కింద ఆయన రాసిన సమీక్ష మొత్తం ఒకటే మాట: ‘కాదు.’ పేరు చూశాడు, సినిమా చూశాడు, రెండింటినీ ముఖాముఖి నిలబెట్టి తీర్పు చెప్పాడు. అందులో ఒక్క అక్షరం తీసేయడానికి లేదు. ఆ పుస్తకంలో తమరికీ నౌకరీ ఉండేదని తెలుసు, అభ్యంతరం లేదు. అక్కడ వాక్యం ముందు నడిచేది, తమరు చెప్పులు మోసేవారు.

ఇప్పుడు తమరు పల్లకీ ఎక్కారు.

తమరిలో నాకు అన్నిటికన్నా కంటగింపుగా ఉన్న సుగుణం ఇది: తమరు ఏనాడూ తప్పు కారు. సత్యజిత్ రాయ్ ‘పథేర్ పాంచాలి’ 1955 నాటిది. అది 1958లో న్యూయార్క్‌లో విడుదలైనప్పుడు ‘న్యూయార్క్ టైమ్స్’ పత్రిక విమర్శకుడు బాజ్లీ క్రౌథర్, దీని అల్లిక వదులుగా ఉంది, నడక మందంగా ఉంది, హాలీవుడ్ ఎడిటర్ల దగ్గర ఇది రఫ్ కట్‌గా, అంటే మెరుగులు దిద్దని తొలి కూర్పుగా నెగ్గడమే కష్టం అన్న ధోరణిలో రాశారు. ఆ సినిమాలోనే ఊరినుంచి తిరిగివచ్చిన హరిహర్ సంచిలోంచి ఒక్కొక్కటీ తీసి చూపిస్తాడు. కూతురు దుర్గ కోసం తెచ్చిన చీర భార్య సర్వజయ చేతిలో పెడతాడు. దుర్గ చనిపోయిందని అతనికింకా తెలియదు. సర్వజయ గుండె పగిలి ఏడుస్తుంది, కానీ ఆ ఏడుపు మనకు వినిపించదు. దాని స్థానంలో తారషెహనాయి అనే తీగవాద్యం పైస్థాయిలో మోగుతుంది. నడక మందంగా ఉందట! ఆ చీర అంత నెమ్మదిగా బయటికి రాకపోతే ఆ షెహనాయికి అంత బలం ఎక్కడినుంచి వస్తుంది?

చూశారా, ఇన్నేళ్ల తర్వాత కూడా ఆయనతో పోట్లాడగలుగుతున్నాను. ఎందుకంటే ఆయన ఒక వాక్యం రాశారు. వాక్యానికి కాళ్లుంటాయి, పట్టుకుని లాగవచ్చు. అదే ‘రెండున్నర’ అని వేసి ఊరుకుని ఉంటే నేనేం చేసేవాడిని? కాదు, మూడు ముప్పావు అని అరిచేవాడినా? దాని పేరు చర్చ కాదు, వేలంపాట.

పాత సినిమాల దగ్గరికి వచ్చేసరికి తమరు మాయమవడం ఇంకో వింత. ముప్పై ఏళ్లు దాటిన ఏ సినిమాకైనా నిండుగా ఐదు వేసి, ‘అజరామరం’, ‘ఆణిముత్యం’, ‘నభూతో నభవిష్యతి’ అని మూడు దండలు వేసి పంపేస్తారు. సినిమాకు వేస్తున్నారా, ఫోటోకు వేస్తున్నారా తెలియదు. పాతదాంట్లోనూ సాగదీత ఉంటుంది, అక్కరలేని హాస్యం ఉంటుంది, వెనక తెర మీద గీసిన చంద్రుడు గాలికి ఊగడమూ ఉంటుంది. అవి చెప్పి కూడా ప్రేమించవచ్చు. కానీ చెప్పాలంటే మళ్లీ చూడాలి, ఆ శ్రమ ఎవరికి కావాలి?

కాలం ఎంత చిలిపిదో హిచ్‌కాక్ ‘వెర్టిగో’ను అడగండి. 1958లో దానికి దక్కినవి పెదవి విరుపులు కలిసిన మిశ్రమ స్పందనలు. 2012లో ‘సైట్ అండ్ సౌండ్’ అనే బ్రిటిష్ పత్రిక అత్యుత్తమ సినిమా ఏదని పదేళ్లకోసారి జరిపే ఓటింగులో, 1962 నుంచి మొదటి స్థానం వదలని ‘సిటిజన్ కేన్’ను దించేసి అదే పీఠమెక్కింది. 2022లో షాంతాల్ అకెర్‌మన్ తీసిన ‘జాన్ దీల్మాన్’ వచ్చి దాన్నీ దించింది. ఇన్నేళ్లలో ‘వెర్టిగో’ కథ మారలేదు, ముగింపు మారలేదు. చూసే కళ్లు మారాయి. తమరు మాత్రం మొదటి వారం ఇచ్చిన తీర్పును రాతి శాసనంలా అక్కడే చెక్కి ఉంచుతారు.

లెక్కల సంగతి టూకీగా. 1998లో మొదలైన, విమర్శకుల సమీక్షలు పోగుచేసే రాటెన్ టొమాటోస్ వెబ్‌సైట్‌లో కనిపించే శాతం, సినిమా ఎంత బాగుందో చెప్పేది కాదు. ఎంతమంది విమర్శకులు బాగుందన్న వైపు ఉన్నారో చెప్పేది. అరవై గానీ అంతకు మించి గానీ వస్తే తాజా టమాటా, లేకపోతే కుళ్లినది. అందరూ ‘ఫర్వాలేదు’ అని మూడేసి వేసిన సినిమాకు నూటికి నూరు రావచ్చు. సగం మంది ఒళ్లు మరిచి మెచ్చి, సగం మంది లేచి వెళ్లిపోయిన సినిమాకు యాభై వస్తుంది. నాకు చూడాలనిపించేది ఆ రెండోదే. ఐదుకు మూడు వేసినవాడు సాధారణంగా తాజా వైపు, రెండున్నర వేసినవాడు కుళ్లు వైపు. అంటే ఏ వైపన్నది తేల్చేది తమరొక్కరే. మూడేళ్లు కష్టపడి తీసినవాడికి కనీసం ఈ సంగతైనా ముందే చెప్పి ఉండాల్సింది.

కాబట్టి నా విన్నపం చిన్నది. ఒక్క శుక్రవారం సెలవు పెట్టండి. తమరు కూర్చునే చోట ఆ విమర్శకుడిని ఒక్క ప్రశ్నకు జవాబు రాయనివ్వండి: హాల్లో ఎక్కడ నిటారుగా కూర్చున్నావు, ఎక్కడ ఫోను తీశావు? రెండే వరుసలు చాలు. పొరపాటు పడితే మేము పోట్లాడతాం, అందుకే కదా డబ్బులిచ్చి చదివేది.

సెలవుచీటీలో కారణం రాయనవసరం లేదు. కారణాలు రాసే అలవాటు తమరికి ఎటూ లేదు.

ఇట్లు,
పాత్ర పరిధి దాటిన ఒక ప్రేక్షకుడు